మధ్యాహ్నం మారే తేదీ

"ఈ పుస్తకం కుట్టింది ఎవరు?"

ఆ బైండింగ్ దుకాణంలో అంత గట్టిగా అరవాల్సిన పని లేదు. కానీ ఆ రోజు నా నోరు నా మాట వినలేదు.

"నేనే," అంది ఆమె, పళ్ళ మధ్య దారం పట్టుకుని. "ఏం, కుట్లు ఊడాయా?"

"కుట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. లోపలే కొంప మునిగింది. సాయంత్రం కంటే ముందు ఉదయం ఎందుకు పెట్టారు?"

ఆమె దారం తీసి బల్ల మీద పెట్టింది. నన్ను ఎగాదిగా చూసింది. లోపల జిగురు కలుపుతున్న వాళ్ళ నాన్న వైపు తిరిగి, "నాన్నా, ఈయనకి ముందు సాయంత్రం వస్తుందట, తర్వాత తెల్లారుతుందట. కొంచెం కుర్చీ వెయ్యి," అంది.

"ఎవరికి జ్వరం?" అన్నాడాయన. ఆయనకి చెముడు.

నేను కూర్చోలేదు. పుస్తకం తెరిచి చూపించాను. అది వందేళ్ళు దాటిన తెరచాప ఓడ దినచర్య పుస్తకం. ఆ రోజుల్లో ఓడ మీద కెప్టెన్ నడినెత్తికొచ్చిన సూర్యుణ్ణి చూసి లెక్క కట్టేవాడు. ఆ లెక్కతోనే కొత్త తేదీ మొదలయ్యేది. అంటే ఊళ్ళో ఎనిమిదో తేదీ మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఓడలో తొమ్మిది వచ్చేస్తుంది. తొమ్మిది సాయంత్రం ముందు, తొమ్మిది ఉదయం తర్వాత.

"తుఫాను సాయంత్రం వచ్చింది, తెరచాప స్తంభం మర్నాటి ఉదయం విరిగింది. మీరు కుట్టిన పుస్తకంలో పొద్దున్నే స్తంభం విరిగింది, సాయంత్రానికి తుఫాను తీరిగ్గా వచ్చింది. గాలి రాకుండా ఎలా విరిగిందండీ?"

"కర్ర పుచ్చిందేమో," అంది ఆమె. కానీ చెవులు ఎర్రబడ్డాయి. నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, కత్తెర తీసుకుని, నా కళ్ళముందే నాలుగు రోజుల పని టకటకా విప్పేసింది. అప్పుడు నాకు జాలేసింది. చెప్పడం చేతకాలేదు.

మా నౌకా చరిత్ర సంఘం తాళ్ళ దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. కాగితం మీద ఇరవై ఆరుగురు సభ్యులం. అందులో పదిహేను మంది గోడమీద ఫోటోలైపోయారు. మిగతావాళ్ళలో మెట్లెక్కి వచ్చేది ముగ్గురమే. ఓడల్ని రేవులోకి నడిపించి తెచ్చే పైలట్‌గా ముప్ఫై ఏళ్ళు చేసిన పైలట్ తాతయ్య అధ్యక్షుడు. సముద్రం మీది ఓడలతో వైర్‌లెస్‌లో మాట్లాడి మాట్లాడి రిటైరైన వైర్‌లెస్ అత్తయ్య ఉపాధ్యక్షురాలు. ఆవిడ ఎవరికీ అత్తయ్య కాదు, అయినా అలాగే పిలిపించుకుంటుంది. నేను కార్యదర్శిని. పగలు రేవులో గంటగంటకీ నీటిమట్టం చూసి రాసే గుమాస్తాని. నీళ్ళు పెరిగాయా తగ్గాయా అన్నది ఇట్టే చెప్పగలను. మనుషుల దగ్గరికొచ్చేసరికి నాకు ఆ కొలకర్ర కనపడదు.

సంఘంలో తాతయ్య పెట్టిన రూలు ఒకటుంది. మా మినిట్స్ పుస్తకంలో తేదీ కూడా మధ్యాహ్నమే మారాలి. "ఈ గది ఓడరా, కింద తాళ్ళ దుకాణం సముద్రం," అనేవాడు.

ఆ ఓడకి చిల్లులు పడ్డాయి. వానొస్తే ఏడుచోట్ల కారుతుంది. నలభై మూడు దినచర్య పుస్తకాలు చెమ్మతో ఉబ్బిపోయాయి. "సముద్రంలో మునగని ఓడలు కూడా ఈ గదిలో మునిగేట్టున్నాయి," అని తాతయ్యే ఒకరోజు తేల్చేశాడు. పుస్తకాలు బాగుచేయించి, దూరాన ఇంకో నగరంలో ఉన్న మ్యూజియంకి ఇచ్చేసి, సంఘం మూసేద్దామన్నాడు. అందుకే బైండరమ్మాయి వచ్చింది. మూసేయడానికి వచ్చిన మనిషి వల్ల ఆ గదిలో నాలుగు నెలలు నవ్వులు వినపడ్డాయి.

పుస్తకాల్ని వానలో మోయకూడదని ఆమే పైకొచ్చి కుట్టేది. ఆ మూల కిటికీ దగ్గర ఒక్క చోటే కారేది కాదు. అక్కడ ఆమె బల్ల, ఎదురుగా నా బల్ల.

"కార్యదర్శి గారూ, మీ సంఘంలో అడుగుపెట్టినప్పట్నించి పన్నెండు దాటగానే నాకు ఒక రోజు వయసు పెరుగుతోంది. ముసలిదాన్నయిపోతే ఎవరు పూచీ?"

"మినిట్స్‌లో రాసుకుంటాలెండి."

"అన్నీ రాసుకోవడమేనా, ఎప్పుడైనా మాట్లాడతారా?"

తల దించుకుని రాసుకునేవాణ్ణి. తాతయ్య కళ్ళద్దాల మీంచి చూసేవాడు. "ఒరేయ్, ఆ పిల్ల సూదిలోకి దారం ఎక్కిస్తుంటే నువ్వెందుకురా ఊపిరి బిగబడతావు?" అని అడిగాడోసారి, ఆమె వింటుండగానే.

నలభై మూడో పుస్తకం పూర్తవుతుండగా మ్యూజియం నుంచి ఆమెకి ఉత్తరం వచ్చింది. కుట్లు నచ్చాయట. రెండేళ్ళు అక్కడే ఉండి, వాళ్ళ దగ్గర పాడైన పుస్తకాలు కూడా బాగుచేయాలట. పద్దెనిమిదో తేదీలోగా జవాబివ్వాలట.

"వెళ్ళనా?" అని నన్నడిగింది.

"మంచి అవకాశం," అన్నాను. ఆ మాటకి నా నాలుక నేనే కొరుక్కోవాలి. ఆమె ఉత్తరం మడిచి, జిగురు డబ్బా మూత పెట్టింది.

నోటితో చెప్పలేక చీటీ రాశాను. "పదిహేడో తేదీ సాయంత్రం నాలుగింటికి రేవు మెట్ల దగ్గరికి రాగలరా? సంఘం పని కాదు." పుస్తకంలో పెట్టి ఇచ్చాను.

పదహారున తాతయ్యకి ఊపిరందక ఆస్పత్రిలో చేర్చాం. సాయంత్రం నేను పక్కనే కూర్చున్నాను. బయట కుండపోత.

"ఆ పిల్లకి చెప్పావా?" అన్నాడు, మాస్కు పక్కకి లాగి.

"రేపు చెప్తాను తాతయ్యా."

"రేపు, రేపు అంటూ కూచుంటే రేవులో ఓడ ఉండదురా."

పదిహేడున ఎండ కాసింది. నాలుగింటికి ముందే వెళ్ళి ఆరు దాటేదాకా నిలబడ్డాను. నా ఎదురుగానే నీళ్ళు ఆఖరి మెట్టు నుంచి మూడో మెట్టు దాకా ఎక్కాయి. ఆమె రాలేదు.

పద్దెనిమిదిన మ్యూజియంకి ఒప్పుకుందని అత్తయ్య చెప్పింది. సరే, అది జవాబే కదా అనుకున్నాను. తర్వాత ఆమె సంఘానికి రాలేదు, ఆఖరి పుస్తకానికి అట్ట వాళ్ళ నాన్నే వచ్చి వేసి వెళ్ళాడు. నేనూ వాళ్ళ దుకాణం గడప తొక్కలేదు. పౌరుషానికేం తక్కువ లేదు నాకు. అన్నం మాత్రం సయించేది కాదు.

ఇరవై నాలుగున పైలట్ తాతయ్య పోయాడు. ఓడల్ని వేలసార్లు ఒడ్డుకి చేర్చిన మనిషి, ఆఖరి రోజు ఎవరి చెయ్యి పట్టుకున్నాడో కూడా గుర్తుపట్టలేదు. అది నా చెయ్యి.

ఇరవై ఆరున సంఘం చివరి సమావేశం పెట్టాం. సంతాప తీర్మానం, ఆ తర్వాత మూసివేత తీర్మానం. కనీసం ముగ్గురు సభ్యులుండాలని రూలు. అత్తయ్య ఊరుకుంటుందా, బైండరమ్మాయి చేత సభ్యత్వ ఫారం నింపించి తీసుకొచ్చింది.

ఆమె చిక్కిపోయింది. నా వైపు చూడలేదు. తాతయ్య సంతాపం నేను రాయలేనంటే అత్తయ్య పెన్ను ఆమెకిచ్చింది.

మధ్యాహ్నం మూడైంది. "తేదీ ఏం వెయ్యమంటారు?" అంది, కాగితంతో మాట్లాడుతున్నట్టు.

"ఇరవై ఏడు," అన్నాను.

పెన్ను ఆగింది. "ఓహో. ఇవాళ మళ్ళీ ఓడ తేదీ గుర్తొచ్చిందన్నమాట."

"ఎప్పుడు మర్చిపోయానండీ?"

"పదహారున. మీరు మర్చిపోయారో, కావాలనే రాలేదో. రెండు గంటలు వానలో నిలబెట్టారు."

నాకు అర్థం కాలేదు. "పదహారేంటి? నేను రాసింది పదిహేడు. పదిహేడున నిలబడ్డది నేను. మీరే రాలేదు."

"పదిహేడు సాయంత్రమంటే పదహారు సాయంత్రమే కదా!"

"సంఘం పుస్తకంలో!"

"సంఘం కాగితం మీద రాసి, సంఘం పుస్తకంలో పెట్టి, సంఘం కార్యదర్శి ఇస్తే ఇంకేమనుకోవాలి?"

"సంఘం పని కాదు అని రాశానుగా! మీకు ఓడ తేదీలంటే చిరాకని, మీ కోసమే మామూలు తేదీ వేశాను."

ఆమె లేచి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు, గొంతునిండా కోపం. "నీ కోసమే నేను ఓడ తేదీ చూసుకున్నాను. నాలుగు నెలలు నేర్చుకున్నది దేనికనుకున్నావు? నీ లెక్కే నా లెక్క అనుకున్నాను. పదిహేడున మూడు దుప్పట్లు కప్పుకుని జ్వరంతో పడున్నాను. పద్దెనిమిదిన సంతకం పెట్టి పంపించాను."

మీరు కాస్తా నువ్వు అయిందని ఆమె గమనించలేదు. నేను గమనించాను. అంత దుఃఖంలోనూ అది చెవికి ఇంపుగా తగిలింది.

అత్తయ్య మా ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది. "నడిసముద్రంలో ఉన్న ఓడలతో మాట్లాడాను గాని మీలాంటి మొద్దుల్ని చూడలేదు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళు నోరు తెరిచి అడిగారా? పాపం ఆ ముసలాయన మీ సంగతి తేలకుండానే పోయాడు," అని కొంగుతో కళ్ళు వత్తుకుంది.

అప్పుడు చెప్పాను. "నువ్వంటే నాకు ఇష్టం. స్తంభం విరిగిన రోజు నుంచీ. వెళ్ళొద్దని చెప్పడానికే రమ్మన్నాను."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "ఇప్పుడు చెప్తే ఏం చెయ్యను? రేపు పొద్దున్నే పుస్తకాలతో పాటు వాన్‌లో బయల్దేరాలి," అంది. మూసివేత తీర్మానం కింద ముగ్గురం సంతకాలు చేశాం. ఆమె సంతకం తడికి చెదిరింది.

నేరుగా బైండింగ్ దుకాణానికి వెళ్ళాను. వాళ్ళ నాన్న అట్టలు కోస్తున్నాడు.

"మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ," అన్నాను.

"కష్టమా? ఏం కష్టం?"

"ఇష్టం!"

"గట్టిగా చెప్పు నాయనా."

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండీ!"

ఎదురుగా తాళ్ళ దుకాణంలో బేరాలు ఆగిపోయాయి. సైకిల్ మీద పోతున్నాయన కాలు కింద పెట్టాడు. వీధి వీధంతా విన్నాక ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"ఆ రోజు అమ్మాయి వానలో తడిసొచ్చింది నీ కోసమేనా?"

తలూపాను.

ఆయన దీపం స్విచ్చి వేసి నా మొహం శ్రద్ధగా చూశాడు. "ఇంతమాత్రానికా మూడు రోజుల జ్వరం!" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "మంచివాడివే. పైలట్ గారు చెప్పేవారు. కానీ అది అక్కడ సంతకం పెట్టింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే కుట్టు విప్పినట్టే, కన్నాలుండిపోతాయి. రెండేళ్ళు ఆగగలవా?"

"ఆగుతాను మావయ్యా."

ఆ పిలుపు మాత్రం ఒక్కసారికే వినబడింది ఆయనకి. మొహం తిప్పుకుని, "పుస్తకాలు అప్పజెప్పడానికి సంఘం తరఫున ఒకరు వెళ్ళాలటగా. వాన్‌లో చోటుంది. దించి రా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచీ ముసురు. డ్రైవరు పక్కన నేను, కిటికీ వైపు ఆమె, వెనక నలభై మూడు పుస్తకాలు. ఆరు గంటల దారిలో నాలుగు నెలలకి సరిపడా మాట్లాడుకున్నాం. తాతయ్య గురించి మొదలుపెట్టి మధ్యలో ఆపేశాం. ఒకచోట ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఊరు దగ్గరపడుతున్నకొద్దీ నేను కిలోమీటరు రాళ్ళు చూడటం మానేశాను.

మ్యూజియంలో పుస్తకాలు లెక్కచూసుకుని రసీదు ఇచ్చారు. తర్వాత ఆమెని ఆఫీసులో కూర్చోబెట్టి చేరిక ఫారం నింపుతోంది గుమాస్తా, తలెత్తకుండా.

"అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

"నాన్నకి చెయ్యొద్దండి, వినపడదు," అని నా వైపు చూసి, నా పేరు చెప్పింది.

"సంబంధం?" అంది గుమాస్తా.

"కుదిరిందండీ," అన్నాను నేను.

టైపు మిషన్లు ఆగాయి. గుమాస్తా తలెత్తి, కళ్ళజోడు సర్దుకుని, "నేనడిగింది చుట్టరికం బాబూ," అంది.

గదంతా నవ్వు. ఆమె కూడా నవ్వింది, ఎన్నాళ్ళకో. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "ఆయన చెప్పిందే రాసుకోండి," అంది.

గేటు దాకా వచ్చింది. గొడుగు నాకిచ్చేసింది. "ఆదివారాలు ఫోన్ చెయ్యి. చీటీలు మాత్రం రాయకు," అని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే లోపలికి వెళ్ళలేకపోయేదని నాకు తెలుసు.

ఖాళీ వాన్ కదిలింది. "ఇప్పుడు చోటు బోలెడుంది సార్, కిటికీ వైపు జరిగి కాళ్ళు చాపుకోండి," అన్నాడు డ్రైవరు.

నేను జరగలేదు.