ముందే తెలిసిన అంకెలు

ఇంజనీరును ఆఫీసు లిఫ్టులోనే కాల్చేశారు. తలుపు తెరుచుకునేసరికి లోపల అతనొక్కడే, గోడకు ఒరిగిపోయి ఉన్నాడు.

గూఢచారి శాఖలో అందరూ 'పిన్ని' అని పిలిచే ఏజెంటుకు అతను స్వయానా తమ్ముడు. ఈ కేసు వదిలెయ్యమని చీఫ్ నచ్చజెప్పి చూశాడు. ఆమె వినలేదు. ఇక చేసేది లేక బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

తమ్ముడు తయారుచేసిన మెషీన్ ఎవరూ ఊహించలేని అంకెలను పుట్టిస్తుంది. బ్యాంకులు, ఆస్పత్రులు, పవర్ స్టేషన్ల కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఆ అంకెలు తెచ్చుకుని, వాటితోనే తమ రహస్య తాళాలు చేసుకుంటాయి. సర్వర్ రూమ్‌లో అలాంటి మెషీన్లు రెండున్నాయి, ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది. విదేశీ ముఠా ఒకటి వాటిలో ఒకదాన్ని తీసేసి నకిలీది పెట్టింది. దాని అంకెలన్నీ వాళ్ళకు ముందే తెలుసు. అది పసిగట్టినందుకే తమ్ముడి ప్రాణం తీశారు.

"ఈ మధ్యాహ్నం కంప్యూటర్లన్నీ తాళాలు మార్చుకుంటాయి. అప్పుడు నకిలీది నడుస్తుంటే దేశం తలుపులు బార్లా తెరిచినట్టే," అన్నాడు చీఫ్. "లోపల నెమలి ఉంది, మన మనిషే. ఏది నకిలీదో చూపిస్తుంది."

పిన్ని తుడుపుకర్ర పట్టుకుని క్లీనర్ వేషంలో వెళ్ళింది. సర్వర్ రూమ్ శవాలగదిలా చల్లగా ఉంది. ముత్యాల దిద్దులు, ఎర్రటి పెదవులు, నెమలికి ఆ పేరు ఊరికే రాలేదు.

"బయట మబ్బు పట్టిందా?"

"గొడుగు తెచ్చుకున్నాను," కోడ్ అప్పజెప్పింది పిన్ని.

నెమలి కుడివైపు మెషీన్ చూపించి, ప్లగ్ పీకెయ్యమని చెప్పి, తలుపు దగ్గర కాపలాకి వెళ్ళింది. పిన్ని చెయ్యి ప్లగ్ దాకా వెళ్ళి ఆగింది. తమ్ముడు ఒకసారి అన్నం తింటూ చెప్పిన మాట మనసులో మెదిలింది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే అసలుది కొత్త అంకెలు చెబుతుందట, దొంగది పాత పాఠమే వల్లిస్తుందట.

ఎడమదాన్ని ఆపి, ఆన్ చేసింది. స్క్రీన్ మీద అంకెల వరస వచ్చింది. మళ్ళీ ఆపి, ఆన్ చేసింది. అదే వరస, పొల్లు పోకుండా.

వెనక పిస్టల్ క్లిక్‌మంది.

"మీ తమ్ముడూ ఇలాగే మాట వినలేదు పిన్నీ," అంది నెమలి మెత్తగా.

పిన్ని గుండె భగ్గుమంది. తిరిగి చూడకుండానే తుడుపుకర్రతో వెనక్కి పొడిచింది. దాని కొసన దాచిన కరెంటు షాక్ తగిలి నెమలి కుప్పకూలింది. తూటా పైకప్పులో దిగింది. స్క్రీన్ మీద తాళాలు మారే కౌంట్‌డౌన్ అప్పటికే అయిపోవస్తోంది. పిన్ని ఎడమ ప్లగ్‌ను రెండు చేతులా పట్టి లాగేసింది. మరుక్షణం కుడిది గుయ్‌మంటూ అంకెలు పంచడం మొదలుపెట్టింది.

ఫోనులో చీఫ్ తెగ మెచ్చుకున్నాడు. పిన్ని అదంతా విని, తనకు సెలవు కావాలంది, తమ్ముడి కోసం ఇంకా ఏడవలేదని.

"తప్పకుండా. ఎన్ని రోజులు?"

"అది మాత్రం ముందే చెప్పలేనండీ," అంది.