కళ్ళకు గంతలు, నోట్లో బెల్లం

శివపార్వతి బెల్లం దిమ్మను పేపరు మీద పెట్టి చిన్న రోకలితో కొడుతోంది.

"ఇంకొంచెం సన్నంగా కొట్టు పాపా. ఆ గోదారాయన నాలిక సానా సున్నితమంట," అంది చిన్నమ్మ సిద్ధమ్మ మూతి తిప్పుతూ.

ముబారక్ అల్ కబీర్‌లోని ఆ అరబ్బుల ఇంట్లో వంట సిద్ధమ్మది, కారు ఆమె భర్త చిన్నపుల్లయ్యది, మిగతా చాకిరీ అంతా పార్వతిది. శుక్రవారం, వీళ్ళంతా 'మామా' అని పిలిచే ఇంటావిడ పిల్లలతో పుట్టింటికి వెళ్ళిపోతే, వెనకవైపు డ్రైవర్ గదే వీళ్ళకు ఇల్లు.

గొడవకు మూలం పాయసం. షువైఖ్ గోడౌన్ నుంచి బియ్యం బస్తాలు తెచ్చే అయ్యప్పకు, తెలుగువాడే కదా అని సిద్ధమ్మ ఒక గిన్నె పెట్టింది. అతను చివరి చుక్కదాకా తాగి, "పాయసం బాగుందండి. బెల్లమే, మా కోనసీమదైతే ఇంకా బాగుండేదండి," అన్నాడు.

అది చిన్నపుల్లయ్య పోయిన సెలవుకు ఊరి నుంచి మోసుకొచ్చిన బెల్లం. సిద్ధమ్మ దాన్ని కుండలో దాచి, పాతబడేకొద్దీ రుచి పెరుగుతోందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటోంది.

ఆమె అంత మండిపడినా అయ్యప్ప రావడం మానలేదు. ఒకసారి పొట్లం జీలకర్ర ఇవ్వడానికి వ్యాన్ వేసుకుని వచ్చాడు. జీలకర్ర ఎవరూ అడగలేదు. కిందటి వారం ధైర్యం చేసి, "పార్వతిగారిని నాకిస్తారాండీ?" అని అడిగేశాడు.

"మా బెల్లం నచ్చనోడికి మా పిల్ల ఎట్ల నచ్చిందప్పా?" అంది సిద్ధమ్మ. "కండ్లకు గుడ్డ కడతా. మూడు ముక్కలు పెడతా. మా ఊరిది ఏదో చెప్పు. చెప్తే మా అక్కతో మాట్లాడతా. లేదంటే ఈ గడప తొక్కగాకు."

"కళ్ళు మూసుకుని ఊరి పేరు చెప్పేస్తానండి!"

పార్వతిని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పవలసిన జవాబు మాత్రం ఆమె దగ్గర వారం రోజులుగా సిద్ధంగా ఉంది.

అయ్యప్ప ఇస్త్రీ చొక్కాతో వచ్చి చాప మీద కూర్చున్నాడు. సిద్ధమ్మ అతని కళ్ళకు తువ్వాలు బిగించింది.

"పాత రమ్ములు గూడా ఇట్లనే గుక్కేసి, యే దేశందో చెప్తారంట," అన్నాడు చిన్నపుల్లయ్య టీ గ్లాసు పట్టుకుని. "ఈడ రమ్ము ఖలాస్. మనకు బెల్లమే గతి."

"తాగినోడి మాదిరి మాట్లాడొద్దు. పాపా, పెట్టు."

పార్వతి మొదటి ముక్క అతని అరచేతిలో పెట్టింది. ఎప్పుడూ చూసీ చూడకముందే తల దించుకునేది. ఇవాళ గంతలు అతనికే, ఆమెకు కాదు. తనివితీరా చూసింది. అతని చెవి కింద ఒక పుట్టుమచ్చ. నమిలినప్పుడల్లా అదీ నములుతున్నట్టే కదులుతోంది.

"ఛఛ, మట్టి మట్టిగా ఉందండి. తమిళనాడుదండి ఇది. మా వైపు గేదెలక్కూడా పెట్టరండి."

సిద్ధమ్మ పకపకా నవ్వింది. "పక్కింటి గంగారత్నమ్మ తెప్పించింది. మీ అమలాపురం నుంచే!"

అయ్యప్ప చెవులు ఎర్రబడ్డాయి. రెండో ముక్క జాగ్రత్తగా చప్పరించాడు. "అనకాపల్లండి. చెరకు వాసన తెలిసిపోతందండి."

"అది తాటిబెల్లమప్పా," అన్నాడు చిన్నపుల్లయ్య జాలిగా.

పార్వతికి భయం పోయింది. ఇక మిగిలింది ఒక్కటే. అది ఎవరిదో చెప్పడానికి నాలుకతో పనే లేదు. సిద్ధమ్మకూ ఆ సంగతి అర్థమైంది. రెండు ముక్కల గెలుపుతో ఆమె కోపం సగం దిగిపోయింది కూడా.

మూడో ముక్క నోట్లో వేసుకున్న అయ్యప్ప నమలడం ఆపేశాడు. మళ్ళీ మెల్లగా నమిలాడు. ముఖంలో నవ్వు పోయింది.

"చెప్పు నాయనా, ఎవురిది?" సిద్ధమ్మ గొంతు మెత్తబడింది.

మీదేనని అనెయ్యి, అనుకుంది పార్వతి.

"మీదేనని అనాలనే ఉందండి. కానీ ఇది మా గోడౌన్‌దండి. బెల్లం బస్తా చిరిగితే రోజూ టీతో తినేది ఇదేనండి. నిజం చెప్పాలంటే నాకు తెలిసిన బెల్లం ఇదొక్కటేనండి, ఆయ్."

"ఓడిపోయి మా మీదనే నింద ఏస్తావా?" సిద్ధమ్మ లేచింది. "లెయ్. పో."

"చిన్నమ్మా," అంది పార్వతి. ఆ గదిలో ఆమె గొంతు వినిపించడమే అరుదు. "ముందు చిన్నాయన మొగం చూడు."

చిన్నపుల్లయ్య టీ లుంగీ మీద ఒలికిపోతోంది. ఆయనకు తెలియడం లేదు.

"ఏమయ్యా?"

"చెన్నై ఎయిర్‌పోర్టులో బరువెక్కువైంది, ఏదో ఒకటి తియ్యమన్నారే. నీ పట్టుచీర తీయాల్నా, బెల్లం తీయాల్నా? ఈడికొచ్చి ఇంకోటి కొంటి. మన ఊరి గుడ్డలోనే చుడితి..."

సిద్ధమ్మ అయ్యప్ప వైపు తిరిగింది. "ఒక్క అబద్ధమాడింటే పిల్ల దక్కేది గదప్పా!"

"పెట్టింది ఆవిడ చేత్తోనండి. ఆ చేతిది తింటా అబద్ధమెలా ఆడతానండి?"

"తువ్వాలు తీసెయ్యండి," అంది పార్వతి.

"తీస్తే మళ్ళీ తల దించేసుకుంటారు కదండీ."

"దించుకోను."

అతను తీశాడు. ఆమె దించుకోలేదు.

సిద్ధమ్మ ఫోన్ అందుకుంది. "అక్కా, పాపకు పిల్లోడు దొరికినాడు. నాలిక్కి రుచి తెలీదు, ఏం వండినా తింటాడు. అబద్ధం మాత్రం మింగలేడు. పాపకూ ఇష్టమే, ఈడ కండ్లారా చూస్తాండా... ఒక్క నిమిషం ఉండక్కా, నీ మరిదితో మాట్లాడేది ఉంది."

ఆమె వెనక్కి తిరిగేలోపే చిన్నపుల్లయ్య గ్లాసును చప్పుడు కాకుండా కింద పెట్టాడు. పార్వతి చూసింది. అయ్యప్పా చూశాడు. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని నోరు మూసుకున్నారు. చిన్నపుల్లయ్య చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు దాటి వెళ్ళిపోయాడు.