అక్క గ్రాఫు చూడని అమ్మాయి

ఆసుపత్రి చీకటిగదిలో ట్యూబులైటు ఒక్కసారిగా వెలిగింది. తెర మీది గీత పిచ్చెత్తినట్టు పైకెగిరింది.

“ఎవరండీ లైటు వేసింది?” ఇంజనీరు కుర్చీలోంచి లేచింది.

“నేనే.” గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి, చేతిలో నీళ్ల సీసా. “మా అక్కని లోపలికి తీసుకెళ్లి ఎంతకీ పంపరు. తలుపు తీస్తే చిమ్మచీకటి. మనిషన్నాక కంగారు పడడా?”

“తలుపు మీద బోర్డుంది.”

“చదివాను. లోపలికి రావద్దని ఉంది. లైటు వేయొద్దని లేదుగా? నేను గుమ్మం దాటలేదు, చూడండి.”

బల్ల మీద బోర్లా పడుకున్న అక్కకి నవ్వు ఆగలేదు. వీపు అదిరింది. గీత మళ్లీ గెంతింది.

“ఇదుగో, ఇది మీ ట్యూబులైటు. ఇది ఆవిడ నవ్వు. వెన్నుపాము ఎక్కడా లేదు. పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరయింది.”

“పేషెంటు నవ్వితే మంచిదే కదండీ?”

“పేషెంటుకి మంచిదే. పరీక్షకి కాదు. నడవండి బయటికి.”

అతను బుద్ధిగా లైటు ఆర్పాడు. ఆ చీకట్లో దేనికో మోకాలు తగిలి “అమ్మో” అన్నాడు. గీత మూడోసారి గెంతింది.

అక్క దర్జీ. ఒకరోజు మిషను తొక్కుతుండగా కాలు పెడలు మీద ఉందో లేదో ఆమెకి తెలియలేదు. వారం తిరిగేసరికి నడుము కిందంతా మొద్దుబారింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి వెన్నుపాము మీద పడిందనీ, అక్కడ వాపు వచ్చిందనీ పెద్ద డాక్టరు చెప్పాడు. కంచే చేను మేసినట్టన్నమాట. మందు ఎక్కిస్తున్నారు. అది లోపల పనిచేస్తోందో లేదో కాళ్లు చెప్పేదాకా ఆగడం తప్ప మార్గం లేదు.

ఇంజనీరు పని అక్కడే మొదలవుతుంది. వీపు మీద అతికించిన బిళ్లల్లోంచి కంటికి కనిపించని కాంతి లోపలికి వెళ్తుంది. చీలమండ దగ్గర చీమ కుట్టినంత కరెంటు ఇస్తారు. ఆ కబురు వెన్నుపాముకి అందితే అక్కడి రక్తంలో ఆక్సిజన్ కాస్త మారుతుంది. తిరిగొచ్చే కాంతి కూడా ఆ కాస్తే మారుతుంది. సూది లేదు, కోత లేదు. అయితే ఆ యంత్రం మాట నమ్మొచ్చా లేదా అన్నది ఇంకా తేలలేదు. అది తేల్చడమే ఆమె ఉద్యోగం.

పోల్చి చూడడానికి జబ్బు లేని వీపులు కూడా కావాలి. ఆ మాట వినగానే అక్క తమ్ముణ్ణి ముందుకు తోసింది. “వీడి వీపు వాడుకోండి. నా సంచీ మోయడానికి తప్ప ఎందుకూ పనికి రావడం లేదు.”

తమ్ముడు ఈత నేర్పే మాస్టారు. నిలకడ అతని జాతకంలో లేదు.

“కదలకండి.”

“కదల్లేదు. ఊపిరి పీల్చాను.”

“మాట్లాడకండి.”

“మీరంటేనే కదా జవాబు చెప్పాను?” మెడ సర్దుకున్నాడు. “ఒళ్లు వదిలేయండి, నీళ్లే మోస్తాయని పిల్లలకి రోజూ చెబుతాను. ఒక్కడూ వినడు. ఎందుకో ఇప్పుడర్థమైంది.”

ఇంజనీరు నవ్వు పెదవి దాటనివ్వలేదు. “మీ వెన్నుపాము నిక్షేపంలా ఉంది. నోటికి మాత్రం నా దగ్గర యంత్రం లేదు.”

ఆ తరవాత అక్క పరీక్షకి వచ్చినప్పుడల్లా తమ్ముడు బయట బెంచీ మీద కూర్చునేవాడు. పరీక్ష అయ్యేసరికి రెండు టీలు తెచ్చేవాడు. ఒకటి అక్కకి. రెండోది తనకేనని చెప్పి, తాగడం మరిచిపోయినట్టు ఇంజనీరు బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. వానలో టాక్సీ కోసం ఎదురుచూసేటప్పుడు అతని గొడుగంతా అక్క చక్రాల కుర్చీ మీదే ఉండేది. కిటికీలోంచి ఇంజనీరు అది చూసేది. తడిసిన చొక్కాతో అతను వెనక్కి తిరిగేలోపే మళ్లీ తెర వైపు చూసేది.

ఒక రోజు పరీక్ష ముగిశాక అతను లోపలికి వచ్చాడు. ఈసారి తలుపు కొట్టే వచ్చాడు. ఇంజనీరు గ్రాఫు మీదికి వంగి ఉంది. అతన్ని చూసి చప్పున తెర అవతలికి తిప్పేసింది.

“బాగా లేదా?”

“నేను చెప్పకూడదు. అన్నీ పోల్చి చూశాక డాక్టరుగారు చెబుతారు.”

“మీ మొహం చెబుతోంది.”

“నా మొహం చూసి ఏమీ అనుకోకండి.”

“మీకిది గీతండీ. మాకు మనిషి.” అతని గొంతులో ఎన్నడూ లేని మొరటుదనం ఉంది. “కుట్టుమిషను ముందు కూర్చుని ఏడుస్తుంది మా అక్క. నేను చూడట్లేదనుకుంటుంది. బాగున్నా బాగోకపోయినా ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?”

ఆమె తెరని ఇంకాస్త అవతలికి తిప్పింది. అతను వెళ్లిపోయాడు.

తరవాతిసారి అక్క ఒక్కతే టాక్సీలో వచ్చింది. “వాడు అలిగాడు. మీ మీదో, నా కాళ్ల మీదో వాడికే తెలియదు” అంది బల్ల మీదికి చేరుతూ. ఇంజనీరు బిళ్లలు అతికించింది.

మరునాడు అతనే వచ్చాడు, ఉరుముల మబ్బులా.

“కోపముంటే నన్ను తిట్టండి. అక్క కేసు వదిలేశారట! పెద్ద డాక్టరు చెప్పారు.”

“వదల్లేదు. పరీక్ష నేనే చేస్తున్నాను. గ్రాఫు చదవడం మాత్రం ఇంకొకాయనకి అప్పగించాను. అది ఎవరిదో ఆయనకి తెలియదు.”

“మీరు చదివితే ఏం?”

ఇంజనీరు చేతులు కట్టుకుంది. ప్రయోగం గురించి వివరిస్తున్నట్టే, అదే గొంతుతో చెప్పింది. “ఆ రోజు గ్రాఫులో చిన్న కదలిక కనిపించింది. నిజంగా ఉందో, ఉండాలని నేను కోరుకుంటున్నానో తెలియలేదు. ఏ పేషెంటు దగ్గరా నాకలా కాలేదు.”

“మా అక్క ఎవరికైనా నచ్చుతుంది లెండి.”

“అక్కగారి సంగతి కాదు.” గొంతు అక్కడ కాస్త తడబడింది. “బాగుందని చెబితే మీ మొహం ఎలా వెలుగుతుందా అని ఆలోచిస్తున్నాను. గ్రాఫు చదివే మనిషి అలా ఆలోచించకూడదు. తప్పు చదివితే పరీక్షే తప్పుతుంది. మా దగ్గర దాన్ని పక్షపాతం అంటారు.”

ఈతమాస్టారు మొదటిసారిగా కదలకుండా నిలబడ్డాడు.

“మా దగ్గర దానికి వేరే పేరుంది” అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

గ్రాఫు చదివినాయన తేల్చిన మాట ఇది: ఎడమవైపు స్పందన ఉంది, బలహీనంగా. కుడివైపు ఏమీ చెప్పలేం. యంత్రం మాట పట్టుకుని మందు నిర్ణయించనన్నాడు పెద్ద డాక్టరు. కానీ ఆయన సొంత పరీక్షలు కూడా అటే చూపించడంతో మందు కొనసాగించాడు. కాంతి ఎవరినీ నయం చేయలేదు. మందు కొంత చేసింది, రోజూ పళ్లు బిగించి చేసిన వ్యాయామం కొంత చేసింది. కుడికాలు మాత్రం అక్క ఇప్పటికీ ఈడుస్తూనే ఉంది.

వ్యాయామశాలలో రెండు కమ్మీల మధ్య అక్క నిలబడిన రోజున ఒకపక్క తమ్ముడు, ఒకపక్క ఇంజనీరు ఉన్నారు.

“నెమ్మదిగా వదినా. ఎడమకాలు ముందు.”

అక్క ఆగింది. “ఏమన్నావ్?”

“ఎడమకాలు ముందన్నాను.”

“దానికి ముందు?”

ఇంజనీరు మొహం కందిపోయింది. తమ్ముడు పైనున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

“వీడడిగాడా, నువ్వడిగావా?”

“ఎవరమూ అడగలేదు. ఎలాగో అయిపోయింది.”

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కమ్మీల మీద పట్టు బిగించింది.

“సరే, ఆ చివరికి చేరాక తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పుడు కాస్త పక్కకి జరుగు మరదలా, దారికి అడ్డంగా నిలబడ్డావ్.”