ఐదు గట్ల శాసనము

వేగేరు కొండల నడుమనుండి వెలువడి మైదానమున అడుగిడు చోట, నల్లరాతి గుట్టమీద మూడు ప్రాకారములతో నిలిచిన వేగిదుర్గమును నూటయిరువది యేండ్లుగా ఏ శత్రువూ తాకియుండలేదు. కాని ఆ యేటి ఆశ్వయుజమాసమున, ఎండ నడినెత్తికెక్కిన వేళ, తూర్పు వాకిటి కావలివారు కొండలవైపు చూచి, చూచినదానిని నమ్మలేక ఒకరి ముఖమొకరు చూచుకొనిరి.

కొండదారి పొడవునా జనము దిగి వచ్చుచుండెను. బిడ్డలను వీపున కట్టుకొన్న తల్లులు, కర్ర ఊతగా నడచు వృద్ధులు, బలిష్ఠులైన యువకులు, వేలకు వేలు. ఒక్కరి చేతనైనను విల్లు లేదు. ఒక్కరి నోటనైనను మాట లేదు. పండుగలకు కొమ్ముబూరలూదుచు, డోళ్ళు మ్రోగించుచు దిగివచ్చు కోయలను నగరము ఎరుగును గాని, ఈ మౌనమును ఎరుగదు. అంగళ్ళవారు తలుపులు వేసికొనిరి. తల్లులు వీధిలోని పిల్లలను లోనికి లాగుకొనిరి. వచ్చినవారు ఎవ్వరినీ ఏమియు అనక, కోట యెదుట ఏటి ఇసుకలో బారులుగా కూర్చుండిరి.

కారణమిది. రాజ్యమునకు ప్రధానియైన విద్దనామాత్యుడు ఉత్తరదేశాధిపతి మకరధ్వజునితో మైత్రి కుదుర్చుకొని, ఆ మైత్రికి కానుకగా వేగికొండలలోని మూడు లోయలను అతని ఏనుగుల వేటగాండ్రకు వ్రాసియిచ్చెను. ఆ దానపత్రములో ఆ లోయలను నిర్జనారణ్యమని పేర్కొనెను. ఆ నిర్జనారణ్యమున నలుబది గూడెములున్నవి. వేటగాండ్రు పత్రము చేతబట్టుకొని వచ్చి, గూడెములకు నిప్పు పెట్టి, పోడుచేలలో ఏనుగుగోతులు త్రవ్విరి. అంతట ఎన్నడును ఒకచోట చేరని ఐదు గట్లవారు, అనగా కోయల ఐదు వంశకూటములవారు, కొండమీద కూడి, మూడు దినములు మాటలాడుకొని, ఆయుధములు ఇంట విడిచి రాజును చూడవచ్చిరి.

వారి పక్షమున సభలో ప్రవేశించినది సోయం జోగమ్మ. అరువదియేండ్ల మనిషి, సన్నని దేహము. వేటగాండ్రు కాల్చిన గూడెములలో ఆమెది మొదటిది. సింహాసనముపై కొమ్మభూపతి ఆసీనుడైయుండెను. ముప్పదియేండ్లు నిండని ఆ రాజు సౌమ్యుడు, దయాళువు. కాని తండ్రి చిన్ననాడే గతించగా విద్దనామాత్యుని చేతులలో పెరిగినవాడగుటచే, ఆయన కనుసన్న లేనిదే ఏ నిర్ణయమూ చేయ నేర్వనివాడు.

జోగమ్మ సభను ఒకమారు కలయజూచి మెల్లగా పలికెను.

"దొరా, మా కొండలో మనిషి లేడని మీ పత్రంలో రాశారట. మాకు చదువు రాదు. చదివినవాళ్ళ చేత చెప్పించుకున్నాం. నలభై గూడేలున్న చోట ఎవరూ లేరని రాసిన చెయ్యి ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాం. మేం ఉన్నామో లేమో మీరూ ఒకసారి బయటికొచ్చి చూడండి. మేం అడిగేది రెండు మాటలు. ఆ పత్రం చింపెయ్యండి. ఈ రాజ్యమంటే కింది ఊళ్ళూ, పైన ఐదు గట్లూ అని, గట్లను అడగకుండా కొండ ఎవరికీ ఇవ్వమని, మీ వాకిట రాతిమీద చెక్కించండి. మీ తాతలకు కనుమ కావలి కాసింది మా తాతలు. మీరు మమ్మల్ని ఏలుతున్నామన్నారు. సరే అన్నాం. లేమంటే మాత్రం ఊరుకోం."

విద్దనామాత్యుడు చిరునవ్వు నవ్వెను. "మహాప్రభూ, రాజ్యమనగా పేరుగల ఊరు, గుర్తుగల పొలిమేర, దైవము వెలసిన గుడి. నేడొక చోటను, రేపొక చోటను అడవి నరికి గింజలు చల్లుకొనువారికి దేశమెక్కడిది? నేడు వీరి పేరు రాతిమీదికెక్కిన, రేపు ప్రతి కులమును, ప్రతి వాడయు తన పేరు చెక్కుమని వచ్చును. అప్పుడు వేగిరాజ్యమని చెప్పుకొనుటకు ఏమి మిగులును? రాజ్యమునకు ఒకే పేరుండవలెను, ఒకే నాలుక యుండవలెను."

ఆ మాటకు దండనాయకుడు బాచన లేచెను. నెరసిన గడ్డము, ఎడమ చెంపపై పాత గాయపు చార, ముక్కుసూటి మనిషి.

"దేవరవారు క్షమింపవలెను. ముప్పదియేండ్ల క్రిందట ఉత్తరసేన ఏనుగుకనుమ దాటలేక వెనుదిరిగినది. ఆ విజయమునకు తమ తండ్రిగారు నాకు కనుమరక్షకుడను బిరుదిచ్చిరి. ఆనాడు నేను కనుమ చేరునప్పటికి యుద్ధము ముగిసియుండెను. వీరి విలుకాండ్రు రెండువందల మంది రాళ్ళపై చచ్చి పడియుండిరి. బిరుదు నేను పుచ్చుకొంటిని. ఇన్నేండ్లు నోరు విప్పనందుకు సిగ్గుపడుచున్నాను. రాజ్యమునకు ఒకే పేరుండవలెనని అమాత్యులవారు సెలవిచ్చిరి. ఆ పేరు కొరకు చచ్చినవారిని అందులోనుండి తీసివేసినచో, మిగిలినది ఉత్త పేరే."

రాజు మంత్రి ముఖము చూచెను. "కార్తీకమున విచారింతుము" అని మాత్రమనెను.

ఆ సాయంకాలమే మంత్రి రాజును ఏకాంతమున కలిసి, ఏటి ఒడ్డున కూర్చున్నవారు తిరుగుబాటుదారులనియు, జనము ఇంటికి పోకున్న నగరము దక్కదనియు నమ్మబలికి, ఆజ్ఞాపత్రముపై ముద్ర వేయించెను. జోగమ్మను బంధింపవలెను, జనమును ఏనుగులతో తొక్కించి తరుమవలెను. ఆజ్ఞ దండనాయకునికి చేరెను. తెల్లవారగనే బాచన సభకు వచ్చి, ఒరతో కూడ ఖడ్గమును సింహాసనపు మెట్టుపై నుంచెను.

"ప్రభూ, తమ తండ్రిగారు ఈ కత్తి నా చేతికిచ్చునపుడు నా ప్రజలను కాపాడుమనిరి. ఏటి ఒడ్డున ఉన్నవారు ఆ ప్రజలలోనివారే. వారిమీదికి ఈ కత్తి పోదు. వేరొకని చేత పంపదలచిన, అది తమ చిత్తము. ఒక్కటి మనవి చేయుదును. నేడు మనము తొక్కించునది మన కోటగోడనే."

బాచనను చెరసాలకు పంపిరి. ఏనుగులను వేరొకడు నడిపెను. ఆ ప్రొద్దు ఏటి ఇసుకలో అరువదిముగ్గురు మరణించిరి. వారిలో జోగమ్మ మేనల్లుడైన ఇడుమయ్య కూతురు కూడ నుండెను. కోయలు పరుగెత్తలేదు. చచ్చినవారిని భుజములకెత్తుకొని, వచ్చిన దారినే మెల్లగా కొండలెక్కిపోయిరి. జోగమ్మను బంధింపబోయిన భటులకు ఆమె ఎవరో తెలియలేదు. అడుగగా ప్రతి స్త్రీయు నేనే జోగమ్మననెను.

మూడవనాడు ఏనుగుకనుమ కావలిలోని మూడువందల విలుకాండ్రును విండ్ల నారులు విప్పి గూడెములకు పోయిరి. కోట నుండి వచ్చిన అధికారి కారణమడుగగా, ఆ విలుకాండ్రలో ఒకడైన ఇడుమయ్య అనెను. "ఈ రాజ్యంలో మేం లేమన్నారు గదా. లేనివాళ్ళు కావలి ఎలా కాస్తారు?"

విద్దనామాత్యునికి కావలసినది ఇదియే. ఏండ్ల తరబడి మకరధ్వజునితో అతడు నడిపిన మంతనములన్నిటి సారము ఆ కనుమలో కాపు లేకుండుట. మార్గశిరము పుట్టునప్పటికి ఉత్తరసేన కనుమ దాటెను. ఒక్క బాణము దానిని అడ్డగింపలేదు. కొండనుండి దిగిన ఆ సేన ధూళి మూడు దినములు ఆకాశమున నిలిచెను. అది చూచి వేగిదుర్గములోని పశువులు మేత ముట్టలేదని జనులు చెప్పుకొనిరి.

ముట్టడి నెలదినములు సాగెను. బావుల నీరు అడుగంటెను. ఒకనాటి మధ్యాహ్నము విద్దనామాత్యుడు రాయబారము నడుపుదునని చెప్పి, పల్లకి నెక్కి శత్రుశిబిరమునకు పోయెను. తిరిగి రాలేదు. మకరధ్వజుని ప్రక్కన ఆయనకు గొడుగు పట్టించిరని ప్రాకారముపైనున్న భటులు కన్నులార చూచి వచ్చి చెప్పిరి. కొమ్మభూపతి ఒంటరిగా చెరసాలకు నడచి, తన చేతనే తలుపు తీసెను.

"నాయకా, నన్ను పెంచినవాడే నన్ను అమ్మినాడు. నేనిప్పుడేమి చేయవలెను?"

బాచన లేచి నమస్కరించెను. "గెలుచుట మన చేతిలో లేదు ప్రభూ. తప్పు దిద్దుకొనుట యున్నది. జోగమ్మ అడిగినది చెక్కించుడు. నేను కొండకు పోయి చెప్పెదను."

"ఇంత జరిగిన పిమ్మట వారు వత్తురా?"

"రాకపోవచ్చును. అయినను చెక్కింపవలెను."

తూర్పు వాకిటి లోపలి రాతిపై, బయటనుండి వడిసెల రాళ్ళు పడుచుండగా, శిల్పి రెండు దినములు చెక్కెను. వేగిరాజ్యమనగా క్రింది ఊళ్ళును, మీది ఐదు గట్లును. గట్ల సమ్మతి లేక కొండ ఎవ్వరికిని ఈయబడదు. ఏటి ఒడ్డున చచ్చిన అరువదిముగ్గురి దోషము రాజుదే. చివరి పంక్తి రాజు స్వయముగా చెప్పి వ్రాయించినది.

ఉదయపు మంచులో బాచన నీటికాలువ దారిన కోట వెడలి, రెండు దినములు నడచి గట్ల కూటమిని చేరెను. అందరును అతనిని ఎరుగుదురు. ఎవ్వరును కూర్చుండుమనలేదు. దప్పికతో నున్నవానికి ఇడుమయ్య తన సొరకాయ బుర్ర ఈయలేదు. బాచన శాసనములోని మాటలను ఉన్నవి ఉన్నట్లు చెప్పెను.

జోగమ్మ విని అడిగెను. "నాయకా, ఆ రాయి భయంతో చెక్కిందేనా?"

"భయముతోనే తల్లీ. అబద్ధమాడను."

"భయం పోయినాక చెరిపేస్తే?"

"అందుకే నేను వచ్చితిని. ఇకమీద నేను కోటలో ఉండను, మీ నడుమ ఉందును. ఆ రాయి చెరిపిననాడు నా మెడ మీ చేతిలోనిది. నేను సాయమడుగ రాలేదు. మీకు చెప్పవలసినది ముప్పదియేండ్లు ఆలస్యముగా చెప్పవచ్చితిని."

ఇడుమయ్య ముందుకు వచ్చెను. "నా కూతురు చచ్చిన నాడు నువ్వెక్కడున్నావు?"

"చెరలో."

"చెరలో ఉండడం తేలిక నాయకా. నువ్వు ఆ ఏనుగుల ముందు నిలబడి ఉంటే, అవి ఆగేవేమో."

బాచన తలవంచెను.

కూటమి ఆ దినమంతయు వాదించెను. కోట కూలిన మనకేమి అన్నవారున్నారు. కోట కూలిన పిదప ఏనుగుల వేటగాండ్రు మూడు లోయలతో ఆగుదురా అన్నవారున్నారు. చివరకు జోగమ్మ లేచెను. "రాజు కోసం నేను రాను. అతను మనల్ని తొక్కించాడు. కాని ఈ రాజ్యం అతనొక్కడిదే అయితే మనం ఆనాడు ఏటి ఒడ్డుకెందుకు పోయాం? మనదని చెప్పడానికే పోయాం. మనదైతే, కాపాడుకోవాల్సింది కూడా మనమే."

వారు కదలునప్పటికి ఆలస్యమైనది. మరునాటి ప్రొద్దుననే దిగంతమున పొగ లేచెను. ఉత్తరపు గోడ కూలి, మకరధ్వజుని సేన నగరమున జొరబడెను. కొమ్మభూపతి జనమునంతయు తూర్పు వాకిటినుండి కొండలవైపునకు పంపి, తాను నలుబదిమందితో ఆ వాకిట నిలిచెను. జనము ఏరు దాటువరకు వాకిలి పోలేదు. తర్వాత శత్రువులు అచటికి వచ్చి చూడగా, రాజు శాసనము క్రిందనే పడియుండెను. విద్దనామాత్యుడు ఆ శాసనము చదివి, సుత్తెలు తెప్పించి రాతిని పగులగొట్టించెను.

కొండదారిన జనము నడుచుచుండ వెనుకనుండి గుర్రపుదళము తరుముకొని వచ్చెను. కనుమ మొదట బాచనయు, మూడువందల విలుకాండ్రును వారినెదుర్కొనిరి. సాలెలు, కుమ్మరులు, బ్రాహ్మణులు, పసిపిల్లల తల్లులు తమ ప్రక్కనుండి పైకెక్కి పోవుచుండగా, వారు అంగుళము వెనుకకు జరుగలేదు. సాయంకాలమునకు గుర్రపుదళము వెనుదిరిగెను. విలుకాండ్రలో మిగిలినవారు తొంబదిమంది. బాచన మూడు ఈటెపోట్లతో ఒక బండకు ఆనుకొనియుండెను. ఇడుమయ్య అతని తల ఒడిలో నుంచుకొని, సొరకాయ బుర్ర పెదవులకందించెను. బాచన రెండు గుక్కలు త్రాగెను. ఏదో చెప్పబోయెను.

"చాలు నాయకా. నిలబడ్డావు గదా" అనెను ఇడుమయ్య.

మరునాడు కోయలు తమవారిని పాతిపెట్టు చోట, తమవారికి నిలుపునట్టి నిలువురాతినే అతనికిని నిలిపిరి.

పదిదినముల పిమ్మట, మకరధ్వజుని సామంతుడుగా వేగిదుర్గమునేలుచున్న విద్దనామాత్యుని దూత కనుమకు వచ్చెను. ఏలుటకు నగరమున జనము లేకపోయిరి. దూత ఎత్తైన బండపై నిలిచి చదివెను. "వేగిప్రజలారా, మీ ఇండ్లు మీకే ఈయబడును. అభయమిచ్చితిమి. మీరు వేరుగా నిలిచి క్రిందికి దిగి రండు. అడవివారిని మాత్రము మాకు విడువుడు. సైన్యము వచ్చుచున్నది. రేపటి ప్రొద్దు దాటిన పిమ్మట మీకును వారికిని భేదము చూడబడదు."

ఎవ్వరును కదలలేదు. దూత రెండవమారు చదివెను. గుంపులోనుండి ఒక సాలె ముసలమ్మ ముందుకు వచ్చెను. పది దినములుగా ఆమె ఒక కోయ ఇంటి అరుగుమీద పండుకొని, వారి జావ త్రాగుచుండెను.

"వేగివాళ్ళను రమ్మంటున్నావు నాయనా. వేగివాళ్ళం అందరం ఇక్కడే ఉన్నాం, వీళ్ళతో కలిపి. ఎవరిని వేరు చేసి దింపుతావు?"

దూత గుంపు వంక చూచెను. ఎవరు ఏ ఊరివారో, ఎవరు ఏ గట్టువారో అతనికి తెలియలేదు. పత్రము చుట్టుకొని గుర్రమెక్కి పోయెను.

జోగమ్మ కొంగు నడుమునకు బిగించి వాలులోని రాళ్ళవైపు నడచెను. దూరమున మైదానపు అంచున ధూళి లేచుచుండెను. అది ఏ సేనదో అందరికిని తెలియును. ఆ ప్రొద్దు క్రుంకక మునుపే ఐదు గట్లవారును, కోటనుండి వచ్చినవారును వరుసగా నిలిచి, ఒకరి చేతినుండి ఒకరు రాళ్ళందుకొనుచు, ఏనుగుకనుమను మూయనారంభించిరి.