బల్ల కింద ఖాళీ కుర్చీ

మధ్యాహ్నం మూడింటికి అక్క వాళ్ళింటి భోజనాల బల్ల వర్క్‌షాపులో దిగింది. పాత సామాను బాగుచేసే ఆవిడకి అలాంటి బల్లలు కొత్తేం కాదు. కానీ ఇది ఆవిడ పుట్టింటి బల్ల. పెళ్ళయ్యాక అక్క వెంట తీసుకెళ్ళింది.

"ఇంట్లో ఉంచుకోలేనమ్మా, నువ్వే అట్టేపెట్టుకో," అన్నాడు బావ. "మీ అక్క చివరి రోజుల్లో దీని కిందే కూర్చునేది. అన్నానికి పిలిచినా పలికేది కాదు."

మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు.

అక్క పోయి మూడు నెలలు. ఆవిడ కంట ఒక్క చుక్క రాలలేదు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ బాధా అదే. అక్క కోసం ఒక్కసారి భోరున ఏడిస్తే చాలనుకునేది. గుండె మొద్దుబారిపోయింది, అంతే.

చిన్నప్పుడు ఇద్దరూ ఈ బల్ల కింద వెల్లకిలా పడుకుని, పైనున్న చెక్క మీద సుద్దతో ఇల్లు గీసేవాళ్ళు. సామానంతా చెల్లెలి వంతు, మనుషులు అక్క వంతు. కుర్చీ కాళ్ళు వంకరపోతే అక్క చెరిపించి మళ్ళీ గీయించేది. ఆ సామాను పిచ్చే పెద్దయ్యాక చెల్లెలికి కూడు పెట్టింది. అక్కది మాత్రం వింత పద్ధతి. ఎవర్ని గీసినా పాదాల నుంచి మొదలుపెట్టి పైకి పోయేది. ఖాళీ కుర్చీ కనిపిస్తే ఊరుకునేది కాదు, ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టాల్సిందే.

బల్ల ఏ మేరకు పాడైందో చూద్దామని ఆవిడ కిందికి దూరింది. చెమ్మ వాసన, సుద్ద వాసన. పాత బొమ్మలన్నీ మాసిపోయాయి. ఒక్కటే తెల్లగా ఉంది. చిన్నప్పుడు తను గీసిన కుర్చీలో అక్క... పక్కకి చెయ్యి చాపి కూర్చుంది. తన బొమ్మ తనే గీసుకున్నట్టుంది. ఆ చేతి పక్కన ఖాళీ.

ఆవిడకి ఏమీ అనిపించలేదు. కొలతలకి గుర్తులు పెట్టే సుద్ద జేబులో ఉంది. తీసి, ఆ ఖాళీలో ఒక కుర్చీ గీసింది. కాళ్ళు వంకరపోకుండా, జాగ్రత్తగా.

సుద్ద జేబులో వేసుకుంటుంటే పైన చప్పుడు. చెక్క మీద గీస్తున్న చప్పుడు...

"అక్కా?"

చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

తలెత్తి చూసింది. కొత్త కుర్చీ దగ్గర సుద్దతో గీసిన రెండు పాదాలు. ఎడమ చెప్పు పట్టీ తెగి, తీగతో కట్టి ఉంది. ఆ తీగ పొద్దున ఆవిడే తన చెప్పుకి కట్టుకుంది.

తన కాళ్ళు లాక్కోబోయింది. పాదాలు కదల్లేదు. తిమ్మిరి కాదు... అసలు లేనట్టే ఉన్నాయి.

నడుముకి దోపుకున్న తడిగుడ్డ తీసింది. ఒక్క తుడుపు చాలు. కానీ అక్క చెయ్యి ఇప్పుడు పక్కకి చాపి లేదు. కిందికి వంగి, ఆ పాదాల్ని గట్టిగా పట్టుకుని ఉంది. పాదాలు చెరిపితే అక్కా చెరిగిపోతుంది.

అప్పుడొచ్చింది ఏడుపు. మూడు నెలల ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. ఆవిడ ఆ గుడ్డతో కళ్ళు తుడుచుకుంది.

పైన సుద్ద మోకాళ్ళ దాకా వచ్చింది.