ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును

ఆ సందు చివరి ఇల్లంటే జనం పట్టపగలే రోడ్డుకి అవతలి పక్కనుంచి నడిచేవాళ్ళు. అప్పు కట్టలేదని బ్యాంకు పట్టిన ఇల్లది. బ్యాంకు పట్టిన ఇంటికే మళ్ళీ దెయ్యం కూడా పట్టాలా? దానికి వేరే ఇల్లు దొరకలేదో ఏమో!

రాత్రయితే లోపల చిన్న వెలుగు కదిలేది... నీళ్ళు పోసిన చప్పుడు... ఆ తర్వాత గోడని ఎవరో గీరుతున్నట్టు — గర్ర్... గర్ర్...

నేను కళ్ళారా చూడలేదు. మా తోటికోడలు చెప్పింది. అబద్ధాలాడే మనిషి కాదు, కాస్త పెంచి చెబుతుంది, అంతే. ఆమె ట్రస్టీగారి ఆఫీసు ఊడుస్తుంది.

ట్రస్టీగారంటే, బ్యాంకు పట్టిన ఇళ్ళని అమ్ముడయ్యేదాకా కన్నబిడ్డల్లా చూసుకోవాల్సిన పెద్దమనిషి. తాళం మార్చాలి, కప్పు కారితే బాగుచేయించాలి, మంచి ధరకి అమ్మాలి. బాకీ పోగా మిగిలింది ఇంటాయనకి ఇవ్వాలి. ఆయనా చూసుకునేవారు — ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని. "ఇల్లు స్వయంగా చూశాను, మరమ్మతులు చేయించాను" అని నెలనెలా రాసి సంతకం పెట్టేవారు. చేతిరాత మాత్రం ముత్యాలేనట.

ఆ ఇంటాయన భార్యాపిల్లలతో ఒక్క గదిలో అద్దెకుంటున్నాడు. ఆ మిగిలేదే వాళ్ళకి ఆధారం. దెయ్యం పుణ్యమా అని రెండు వేలాలకి ఒక్కరూ రాలేదు. రెండుసార్లూ ధర తగ్గించారు. మూడోసారీ తగ్గితే ఆయనకి మిగిలేది సున్నా.

మూడో వేలం రేపనగా సాయంత్రం బ్యాంకు మేనేజరు ఫోను చేశాడు — లోపలి ఫోటోలు కావాలి, ఇవాళే.

"ఏమ్మా, చీపురు పట్టుకుని నువ్వూ రా. కాస్త... దుమ్ముంటుంది" అన్నారట ట్రస్టీగారు. దుమ్ముకి అంత వణికే మనిషిని మా తోటికోడలు అదే మొదటిసారి చూడటం.

వెళ్ళేసరికి చీకటి పడింది. ఇంట్లో కరెంటు లేదు. బిల్లు కట్టాల్సిందెవరంటారా? ఆయనే.

ఫోను లైటు వేశారు. గేటుకి నోటీసు — 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును.'

"అయ్యగారూ... ఉన్నదంటే, లోపలున్నది కూడానా?"

"నోర్ముయ్! ముందు నువ్వు నడు."

"తాళంచెవి మీ దగ్గరుంది కదండీ..."

తాళంచెవితో పనే లేకపోయింది. తోస్తే... తలుపు తెరుచుకుంది.

గర్ర్... గర్ర్...

ట్రస్టీగారు ఆమె వెనక నక్కారు. ఆయన ఆరడుగులు, ఈవిడ నా భుజం దాకా వస్తుంది. దాక్కున్నది సగమే.

వెనకగదిలో కొవ్వొత్తి. తెల్లటి చేతులు... గోడని మెల్లగా నిమురుతున్నాయి...

"ఎ... ఎవరు?"

తెల్లటి మొహం ఇటు తిరిగింది.

"నేనేనండి... తాపీమేస్త్రిని. ఈ ఇల్లు నాదే... అంటే, నాదిగా ఉండేది."

ఒళ్ళంతా గోడలకి పూసే పుట్టీ! పగలంతా పరాయి ఇళ్ళు కట్టి, రాత్రిళ్ళు వచ్చి ఇక్కడ పగుళ్ళు పూడ్చి పోతున్నాడట.

"ఇల్లు బాగుంటే ధర వస్తుంది, పిల్లలకి నాలుగు డబ్బులు మిగుల్తాయని..." అన్నాడు. తను చేసే మరమ్మతే దెయ్యమై తన ఇంటి ధర తగ్గిస్తోందని పాపం ఆయనకెవరూ చెప్పలేదు.

ట్రస్టీగారికి ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు హోదా కూడా.

"లోపలికెలా వచ్చావ్? కేసు పెడతా!"

"పాత తాళంచెవితోనేనండి. మీరు తాళం మార్చలేదుగా."

మా తోటికోడలు గొంతు తగ్గించి అందట — "కేసు పెడితే ఈ అన్నయ్య కోర్టులో ఇదంతా చెబుతాడేమోనండీ... మరమ్మతులు మీరు చేయించినట్టు రాశారు కదా..."

ట్రస్టీగారు ఫోను ఎత్తి గోడకి ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. అద్దంలా నున్నగా ఉంది గోడ.

మర్నాడు ఫోటోలు చూసి నలుగురొచ్చారు. గేటు బయటే నిలబడ్డారు, ఒక్కరూ లోపలికి అడుగు పెట్టరు. వీధి వీధంతా వాళ్ళ వెనకే.

ట్రస్టీగారు గొంతు సవరించుకున్నారు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. రాత్రిళ్ళు మరమ్మతులు చేయించింది నేనే. మీరనుకునే ఆ దెయ్యం... నేనే!"

నలుగురూ లోపలికి నడిచారు. పోటీపడి వేలం పాడారు. బాకీ పోగా మేస్త్రికి చిన్న ఇంటికి సరిపడా మిగిలింది.

దెయ్యం లేదని ఎవరు నెత్తీనోరూ బాదుకున్నా ఏనాడూ నమ్మని ఆ వీధి జనం, ఆయనే దెయ్యమంటే మాత్రం ఒక్కరూ సాక్ష్యం అడగలేదట.