గోడెక్కిన రాజుగారి కిరీటం

జరగండి, దగ్గరికి జరగండి! ఆ పొద్దుతిరుగుడు గింజలు కొరకడం కాసేపు ఆపి, కబుర్లు కట్టిపెట్టి ఇటు వినండి.

స్పెయిన్‌లో రాజు ఓడెక్కి పారిపోయి, ప్రజల ప్రభుత్వం వచ్చిన ఏడు అది. జిల్లా చిహ్నాల మీద రాజకిరీటం తీసేసి, కోటబురుజుల ఆకారంలో కిరీటం చెక్కమని ఉత్తర్వు వచ్చింది. రెబొల్యానా ఊళ్లో జిల్లా కచేరీ బాల్కనీ పైన గోడ మీది రాతి చిహ్నానికి శిల్పి సిరియాకో గుడ్డ కట్టుకుని, దాని చాటున పని కానిచ్చాడు. గుడ్డ తీయగానే బురుజులు చూసి జనం చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రంతా కుండపోత వాన. తెల్లారేసరికి బురుజులు మాయం! వాటి చోట మళ్లీ రాజకిరీటం!

కచేరీ కాపలాదారు యులోహియో పరుగెత్తుకొచ్చి డిటెక్టివ్ దోన్యా ఉర్సులా గుమ్మంలో కూలబడ్డాడు.

"అమ్మగారూ, బాల్కనీ తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంది. రాజు మనిషివి నువ్వేనంటూ ఊరివాళ్లు తాడు తెచ్చారు. నన్ను ఉరేస్తారు!"

వీధిలో అరుపులు దగ్గరవుతున్నాయి. ఆవిడ సహాయకుడు తోమే తలుపు దగ్గరికి ఉరికాడు.

"తలుపు గడియ పెట్టనా అమ్మగారూ?"

"పెట్టకు. నిచ్చెన పట్టుకురా."

కచేరీ దగ్గర తోమే నిచ్చెనెక్కి కిరీటాన్ని తడిమాడు.

"సందుల నిండా ఏళ్లనాటి పాచి ఉందండీ!"

ఉర్సులా కింద పూలకుండీల ఆకుల మీది తెల్లమరకను వేలితో రుద్ది చూసింది. ఎదురింటి రూఫినాను పిలిచింది.

"సిరియాకో పని చేస్తుంటే సుత్తి చప్పుడు వినబడిందా?"

"చప్పుడా! పట్టపగలే గుర్రుపెట్టి నిద్రపోయానమ్మా."

ఉర్సులా తాడు తెచ్చిన గుంపునూ, సిరియాకోనూ గోడ ముందుకు రమ్మంది.

"ఈ కిరీటాన్ని ఎవరూ తిరిగి పెట్టలేదు. అసలిది కదిలితేగా! కొత్తగా చెక్కిన రాతికి పాచెలా పడుతుంది? సుత్తి దెబ్బ లేకుండా రాయెలా తెగుతుంది? సిరియాకో దీని మీద సుద్దముద్దతో బురుజులు చేశాడు. వాన కడిగేసింది. ఆ సుద్దే ఈ ఆకుల మీద పడింది."

సిరియాకో మోకాళ్ల మీద పడ్డాడు.

"మా తాత కాలంలోనూ ఇలాగే రాజు పోయాడు తల్లీ. తాత కిరీటం పగలగొట్టాడు. రెండేళ్లు తిరక్కముందే ఇంకో రాజు దిగాడు. తాతను జైల్లో వేస్తే అక్కడే పోయాడు. నాకు సుత్తి ఎత్తడానికి చెయ్యి రాలేదు!"

తాడు యులోహియోను వదిలి సిరియాకో మెడ వైపు తిరిగింది. తోమే కళ్లు మూసుకున్నాడు.

"ఆగండి," అంది ఉర్సులా. "ఇంట్లో రాజు ఫొటోను పరుపు కింద దాచకుండా, పొయ్యిలో వేసినవాడెవడో వాడే ఆ తాడు లాగాలి."

ఎవరూ ముందుకు రాలేదు. తాడు నేల మీద పడింది. సిరియాకో లేచి, ఏడుస్తూనే సుత్తి అందుకున్నాడు.

అంతలో వెనకనుంచి రొట్టెల పెలాయో గొంతు చించుకున్నాడు:

"అయితే వాన రాజుగారి పార్టీ అన్నమాట! కొండ దాటిపోకముందే ఆ మబ్బును పట్టుకోండ్రా!"